ఉప్పుగాలిలో నిలిచే థ్రెడ్ ఇన్సర్ట్‌లు: మా లేత్ షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది బరంపురంలో చిన్న లేత్ షాపు. గోపాల్‌పూర్ నుంచి పడవ ఇంజన్లు, ఇచ్ఛాపురం వైపు నుంచి రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు, పర్లాకిమిడి నుంచి పంపుసెట్లు, ఎక్కడి నుంచి వచ్చినా చాలావాటిది ఒకటే జబ్బు: అల్యూమినియంలో థ్రెడ్, అంటే మర, పోయింది, బోల్టు పట్టు లేకుండా గిర్రున తిరుగుతోంది. ఆ రంధ్రంలో కొత్త మరలున్న లోహపు తొడుగు, అంటే ఇన్సర్ట్, వేసి పంపినవాటిలో కొన్ని ఏళ్ళ తరబడి నిలిచాయి, కొన్ని ఆరు నెలలకే మళ్ళీ మా గుమ్మం ఎక్కాయి. నేను ఎక్కువ నేర్చుకున్నది ఆ తిరిగొచ్చినవాటి దగ్గరే. ఫోన్లో సగం తెలుగు, సగం ఒడియా కలిపి ఒకటే సంగతి పదిమందికి చెప్పలేక, జనం అడిగేవన్నీ ఇక్కడ రాసేస్తున్నాను.

సెల్ఫ్ ట్యాపింగ్ ఇన్సర్ట్ అంటే ఏంటన్నా? బుష్షేనా?

బుష్షే అనుకోండి, కాకపోతే లోపలా బయటా కూడా మరలున్న బుష్. కింది కొసన ఒక చీలికో, పక్కల మూడు రంధ్రాలో ఉంటాయి, వాటి అంచే కత్తి. ముందు ట్యాప్ (మర కోసే పనిముట్టు) కొట్టక్కర్లేదు. సరైన సైజు రంధ్రం వేసి తిప్పితే తన దారి తనే కోసుకుంటూ దిగుతుంది. ఎన్సాట్, ట్యాప్‌లాక్ అని వింటుంటారే, అవి ఈ జాతివే.

బలం ఎక్కడి నుంచి వస్తుందో ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. ఎం8 బోల్టుని నేరుగా అల్యూమినియంలో బిగిస్తే అల్యూమినియం పట్టుకునేది 8 మిల్లీమీటర్ల వ్యాసం మీద. ఎం8 ఇన్సర్ట్‌కి బయటి మర సాధారణంగా 12 మిల్లీమీటర్లు. అంటే అదే లోతులో పట్టు ఒకటిన్నర రెట్లు. పైగా మాటిమాటికీ విప్పి బిగించే అరుగుదల ఇన్సర్ట్ మీద పడుతుంది, మెత్తటి అల్యూమినియం మీద కాదు.

హెలికాయిల్ ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు?

హెలికాయిల్ చెడ్డదేం కాదు. స్టెయిన్‌లెస్ తీగని స్ప్రింగులా చుట్టిన సరుకు అది, దానికి వేరే ట్యాపు, వేరే టూలు కావాలి, ఎక్కించాక కింద ఉండే తోకని విరగ్గొట్టాలి. ఆ తోక ఇంజన్లో పడిపోయి సాయంత్రం దాకా వెతికిన రోజులున్నాయి. కానీ రంధ్రం చుట్టూ గోడ పలచగా ఉంటే దారి హెలికాయిలే, ఎందుకంటే అది తక్కువ చోటు తీసుకుంటుంది. గోడ మందంగా ఉండి, చెరువు గట్టు మీదో పడవలోనో పని చేయాల్సి వస్తే సెల్ఫ్ ట్యాపింగే సుఖం. ఒక డ్రిల్లు, ఒక బోల్టు, రెండు పానాలు చాలు.

హైదరాబాద్‌లో మా బావ వేయించుకున్నది చెక్కుచెదరలేదు, మా ఊళ్ళో అదే సరుకు ఏడాదికే తినేసింది. ఎందుకు?

గాలి వేరు కాబట్టి. సముద్రపు నీళ్ళలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు. అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలితో వచ్చి వస్తువుల మీద సన్నటి పొరలా కూర్చుంటుంది. మనం కూరలో వేసుకునే ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే గానీ నీరు కారదు. సముద్రపు ఉప్పు అలా కాదు, అందులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం తేమ దగ్గరే నీళ్ళు లాగడం మొదలుపెడుతుంది. మన తీరంలో గాలి అంతకన్నా పొడిగా ఉండే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అంటే మీ మోటారు మీద వాన పడకపోయినా, చూడ్డానికి ఎండిపోయినట్టే ఉన్నా, బోల్టు తల కింద ఉప్పునీటి పొర ఒకటి ఎప్పుడూ ఉన్నట్టే.

ఆ పొర ఉంటే చాలు, రెండు వేర్వేరు లోహాలు కలిసి బ్యాటరీ అయిపోతాయి. అల్యూమినియం హౌసింగ్ (మెషీన్ పై తొడుగు), స్టెయిన్‌లెస్ ఇన్సర్ట్, మధ్యలో ఉప్పునీరు. కరిగిపోయేది అల్యూమినియం. ఇన్సర్ట్ చుట్టూ తెల్లటి పిండి కనిపిస్తే అది మురికి కాదు, మీ హౌసింగే. 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటాక ఆ తెల్లపిండి బళ్ళ కొద్దీ చూశాను. నీళ్ళలో మునిగిన మోటార్లని వెంటనే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టినవాళ్ళు బయటపడ్డారు. తుడిచి పక్కన పెట్టి, తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్ళవి బోల్టులు విప్పబోతే చెవులతో సహా ఊడొచ్చాయి.

అయితే ఏ లోహం ఇన్సర్ట్ కొనాలి?

ఒక్క ముక్కలో చెప్పమంటే, తీరం నుంచి ఉప్పుగాలి తగిలేంత దూరంలో అల్యూమినియంలో వేస్తుంటే 316 స్టెయిన్‌లెస్, అది కూడా పేస్టు పూసి (ఏ పేస్టో కింద గ్రీజు ప్రశ్న దగ్గర చెబుతాను). ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే షాపువాడు ‘స్టీలే కదా సార్’ అని ఏదో ఒకటి చేతిలో పెడతాడు.

గట్టిపరిచిన స్టీలుకి జింక్ పూత వేసినవి చవక, బాగా కోస్తాయి, పోత ఇనుములో కూడా దిగుతాయి. కానీ ఆ పూత మందం 5 నుంచి 8 మైక్రాన్ల మధ్య, అంటే మిల్లీమీటరులో వందో వంతు కూడా లేదు. పైగా గట్టి లోహంలో కోసుకుంటూ దిగేటప్పుడే సగం గీరుకుపోతుంది. రాయగడ, కోరాపుట్ వైపు లోపలి ప్రాంతాల్లో, కప్పు కింద ఉండే మెషీన్లకి ఇవి చాలు, అక్కడ 316కి డబ్బు పోయడం దండగ. తీరంలో మాత్రం వద్దు.

స్టెయిన్‌లెస్ అనగానే అన్నీ ఒకటి కావు. ఇన్సర్ట్‌లలో మామూలుగా దొరికేది 303, దాన్నే ఎ1 అని రాస్తారు. లేత్ మీద తేలిగ్గా కోయడానికి అందులో గంధకం కలుపుతారు. ఆ గంధకం రేణువుల దగ్గరే ఉప్పు పొడిచి చిన్న చిన్న గుంటలు చేస్తుంది. ఇంట్లో గిన్నెల రకం 304లో గంధకం అలా కలపరు, అయినా ఉప్పుకి పూర్తిగా తట్టుకోదు. 316లో, అంటే ఎ4లో, 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పు గుంటలు పెట్టకుండా కాపాడేది అదే. కాబట్టి ‘స్టెయిన్‌లెస్ ఇన్సర్ట్’ అని అడక్కండి, ‘ఎ4 ఇన్సర్ట్’ అని అడగండి.

316కి ఒక లోటుంది. గట్టిపరిచిన స్టీలంత కరుకు కాదు, గట్టి లోహాల్లో దాని కత్తి అంచు మొద్దుబారుతుంది. మెత్తటి అల్యూమినియం పోతల్లో ఇబ్బంది లేదు. కాస్త గట్టి రకమైతే నేను ముందు రఫ్ ట్యాపు ఒకటి సగం దాకా పోనిచ్చి దారి చూపిస్తాను, మిగతాది అదే కోసుకుంటుంది. పోత ఇనుములో స్టెయిన్‌లెస్‌తో నేరుగా కోయించాలని మాత్రం చూడకండి.

ఇంకో మాట: స్టెయిన్‌లెస్ పక్కన అల్యూమినియం పోతుందని చెప్పి మళ్ళీ స్టెయిన్‌లెసే వేయమంటున్నాడేంటి అనిపించొచ్చు. ఇక్కడ ఎవరు పెద్ద, ఎవరు చిన్న అనేది ముఖ్యం. చిన్న ఇన్సర్ట్, పెద్ద హౌసింగ్ అయితే ఆ నష్టం పెద్ద పరిమాణం మీద పంచుకుంటుంది, నెమ్మదిగా జరుగుతుంది. అదే పెద్ద స్టెయిన్‌లెస్ ప్లేటుకి చిన్న అల్యూమినియం రివెట్లు కొట్టారనుకోండి, రివెట్లు కళ్ళముందే మాయమైపోతాయి.

గడ్డి కోసే బ్రష్ కట్టర్ల క్రాంక్‌కేసులు కొన్ని మెగ్నీషియంవి. అల్యూమినియం కన్నా ఘోరంగా కరిగిపోతుంది అది. డ్రిల్ చేసేటప్పుడు రజను అంటుకుంటుంది కూడా, అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. పక్కన పొడి ఇసుక పెట్టుకోండి.

ఇత్తడికి తుప్పు పట్టదు కదా, ఇత్తడి వేస్తే పోదా?

ఈ తప్పు నేనూ చేశాను. ఒక కోళ్ళఫారం వాళ్ళ ఫ్యాన్ల బ్రాకెట్లకి ఇత్తడి ఇన్సర్ట్‌లు వేశాను, తుప్పు గొడవ ఉండదని. ఒక్క వానాకాలం గడిచాక చూస్తే నిలువునా చీలిపోయి ఉన్నాయి, సుత్తితో కొట్టినట్టు. బిగించిన మనిషిని నేను తిట్టాను, పాపం వాడి తప్పేం లేదు. కోళ్ళ రెట్టలోంచి వచ్చే అమ్మోనియా చేసిన పని అది.

ఈ జబ్బు తెల్లవాళ్ళ సైన్యం రోజుల్లో మన దేశంలోనే పేరు మోసింది. వానాకాలంలో గుర్రపుసాలల దగ్గర దాచిన ఇత్తడి తూటాల తొడుగులు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, తొడుగుని సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిస్తేనే పగులుతుందని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు తేల్చారు. బోల్టు బిగించిన ఇన్సర్ట్‌లో బిగువు ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి కోళ్ళఫారాలు, పశువుల పాకలు, యూరియా గోదాములు, అమ్మోనియాతో నడిచే ఐస్ ఫ్యాక్టరీలు, వీటి దరిదాపుల్లో ఇత్తడి వద్దు.

ఉప్పునీళ్ళలో ఇత్తడికి ఇంకో రోగం, అందులోని జింకు కరిగిపోయి ఎర్రటి గుల్ల మిగులుతుంది, పైకి ఆకారం అలాగే ఉంటుంది గానీ గోటితో గీకితే రాలిపోతుంది. అల్యూమినియం పక్కన పెడితే అల్యూమినియాన్నీ తినేస్తుంది. పొడి చోట, ప్లాస్టిక్ డబ్బాల్లో, కరెంటు ప్యానెళ్ళలో అయితే ఇత్తడి శుభ్రంగా పనిచేస్తుంది, దానికి నేను అడ్డు చెప్పను.

షాపువాడు 316 అన్నాడు. మ్యాగ్నెట్ పెట్టి చూశాను, అంటుకోలేదు. నమ్మొచ్చా?

అంటుకోకపోతే అది మామూలు ఇనుము కాదని మాత్రమే తెలిసింది. 303, 304, 316 మూడూ అయస్కాంతానికి అంటుకోవు. కోతలో, నొక్కుడులో గట్టిపడిన చోట 304 కొద్దిగా లాగుతుంది కూడా, అంతమాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు. బోల్టు తల మీద ఎ2-70 (ఎ2 అంటే 304 జాతి), ఎ4-70 అని అచ్చు గుద్ది ఉంటుంది, ఇన్సర్ట్ మీద రాయడానికి చోటుండదు. మాలిబ్డినం ఉందో లేదో చూపించే చుక్కల మందు అమ్ముతారు, ఒక చుక్క వేస్తే రంగు మారుతుంది. ఒకేసారి వంద కొంటుంటే ఆ సీసా ఖర్చు దండగ కాదు. నాలుగు కొనేవాళ్ళు మాత్రం నమ్మకమైన షాపు చూసుకోవడమే.

చీలిక ఉన్నది తీసుకోవాలా, మూడు రంధ్రాలున్నదా?

ఎన్సాట్‌లో అయితే మోడల్ నంబరు 302 చీలికది, 307, 308 మూడు రంధ్రాలవి (ఇవి స్టీలు రకాల నంబర్లు కావు). చీలిక ఉన్నది దిగేటప్పుడు చీలిక దగ్గర కొంచెం లోపలికి నొక్కుకుంటుంది, అందువల్ల బోల్టు కాస్త బిగుతుగా తిరుగుతుంది, అదురుడికి అది మంచిదే. మూడు రంధ్రాలదానికి గోడ మందం, కోత మూడు చోట్ల పంచుకుంటుంది, గట్టి లోహాల్లో నలగదు. 307 పొట్టిది, లోతు లేనిచోట వాడతారు. నా షాపులో మెత్తటి అల్యూమినియానికి 302, మిగతావాటికి 308. అంతకంటే ఆలోచించాల్సింది లేదు ఇందులో.

రంధ్రం ఎంత వేయాలి? 12 మిల్లీమీటర్ల ఇన్సర్ట్‌కి 11.5 బిట్టు వాడొచ్చా?

తిరిగొచ్చిన పనుల్లో సగానికి పైగా తప్పు ఇక్కడే, లోహంలో కాదు. ‘ఉన్న బిట్టుతో కానిచ్చేద్దాం’ అనేది మన అందరి జబ్బు.

సూత్రం ఇది: లోహం మెత్తగా ఉంటే రంధ్రం చిన్నగా, గట్టిగా ఉంటే కాస్త పెద్దగా. తేడా రెండు మూడు పదో వంతుల మిల్లీమీటరే. కానీ ఆ రెండు మూడే ప్రాణం. పెద్దదైతే మరలు సగం లోతు దాకా కూడా దిగవు, చేతికి హాయిగా తిరిగినట్టుంటుంది, మూడో నెలలో ఊడొస్తుంది. మరీ చిన్నదైతే మధ్యలో పట్టేసి విరుగుతుంది. కంపెనీ కాగితంలో మెత్తటి అల్యూమినియానికి ఒక వరస, గట్టి రకానికి ఒక వరస, ఇనుముకి ఒక వరస రాసుంటుంది, అది చూసి ఆ బిట్టే కొనండి. బిట్టు ఖరీదు ఎంతని!

అరిగిన బిట్టు, చేతి డ్రిల్లు కలిస్తే రంధ్రం గుండ్రంగా రాదు, పెద్దదవుతుంది. 9 బిట్టు వేసి, తర్వాత అసలు సైజు వేయండి. మూసి ఉండే రంధ్రమైతే ఇన్సర్ట్ పొడవు కన్నా లోతు ఎక్కువ కావాలి, కోసిన రజను పోవడానికి చోటు ఉండాలి కదా. ఎం8కి పొడవు 15 మిల్లీమీటర్లు అయితే నేను 19, 20 దాకా వేస్తాను. రంధ్రం నోటి దగ్గర కొద్దిగా కౌంటర్‌సింక్ చేయండి, లేకపోతే మొదటి మర పైకి లేచి అంచు ఉబ్బుతుంది.

చుట్టూ గోడ ఎంత మిగలాలన్నది కూడా అడుగుతారు. నా లెక్క, అల్యూమినియంలో ఇన్సర్ట్ బయటి వ్యాసంలో కనీసం సగం, ప్లాస్టిక్‌లో, చెక్కలో పూర్తి వ్యాసం. అంతకన్నా తక్కువైతే దిగేటప్పుడే చిట్లిపోతుంది.

ఎక్కించే టూలు లేదు బాబాయ్, బోల్టుతో ఎక్కించొచ్చా?

ఎక్కించొచ్చు, నేనూ మొదట్లో అలాగే చేశాను. 8.8 బోల్టు కాదు (అది బోల్టు తల మీద రాసుండే బలం లెక్క), పొడవాటి ఆలెన్ బోల్టు, 12.9 రకం తీసుకో. దానికి ముందు నట్టు ఎక్కించి, తర్వాత ఇన్సర్ట్ ఎక్కించి, నట్టుని ఇన్సర్ట్ నెత్తి మీదకి గట్టిగా బిగించు. చీలికో రంధ్రాలో ఉన్న వైపు కిందకి రావాలి. నవ్వకు, తిరగేసి దింపినవాళ్ళని చూశాను.

ఇక నిటారుగా దింపడమే అసలు విద్య. కన్నుతో చూసి చేస్తే ఎంత చెయ్యి తిరిగినవాడికైనా ఒక డిగ్రీ అటో ఇటో పోతుంది. రంధ్రం వేసిన డ్రిల్ మెషీన్ మీద నుంచి పనిని కదపకుండా, బిట్టు తీసేసి అదే చక్‌లో ఆ బోల్టు బిగించి, కరెంటు ప్లగ్గు పీకేసి, చక్‌ని చేత్తో తిప్పుతూ మెల్లగా కిందికి నొక్కు. రెండు మూడు చుట్లు నిటారుగా పడ్డాక పానాతో తిప్పుకోవచ్చు, ఇక పక్కకి పోదు. అల్యూమినియం అయితే నాలుగు చుక్కలు కిరసనాయిలు వేయి, కోత నున్నగా వస్తుంది.

ఒకసారి మొదలుపెట్టాక వెనక్కి తిప్పకూడదు. మామూలు ట్యాపుతో ముందుకి ఒక చుట్టు, వెనక్కి అరచుట్టు తిప్పే అలవాటు చేతికి ఉంటుంది, ఇక్కడ అది పనికిరాదు. వెనక్కి తిప్పితే రజను మరల మధ్య ఇరుక్కుని కోసిన దారిని చెరిపేస్తుంది. పైఅంచు ఉపరితలం కన్నా మిల్లీమీటరులో పదో వంతో, రెండు పదో వంతులో కిందకి దిగాక ఆపు. ఇప్పుడు బోల్టుని ఒక పానాతో కదలకుండా పట్టుకుని, ముందు నట్టు వదులు చేయి, ఆ తర్వాతే బోల్టు తీయి. నట్టు వదలకుండా బోల్టు తిప్పితే ఇన్సర్ట్ కూడా దాంతోపాటు బయటికొచ్చేస్తుంది, మళ్ళీ మొదటికి.

నెలకి పది పైన వేస్తే టూలు కొనుక్కో.

సగం దిగి పట్టేసింది, ఇప్పుడెలా?

బలం పెట్టకండి. కారణాలు మూడే, రంధ్రం చిన్నదవడం, వంకరగా దిగడం, అడుగున రజను నిండటం. తీసేసి, ఆ ఇన్సర్ట్ పారేసి, రంధ్రం కొలిచి, సరిచేసి కొత్తది వేయండి. మొద్దుబారిన అంచుతో రెండోసారి దింపితే అది ఎలాగూ నిలవదు.

ఏ గ్రీజు పూయాలి? గ్రాఫైట్ గ్రీజు ఉంది నా దగ్గర.

గ్రాఫైట్ వద్దు, ముఖ్యంగా అల్యూమినియంలో. గ్రాఫైట్ కరెంటు పోనిస్తుంది, ఉప్పునీళ్ళలో అది స్టెయిన్‌లెస్ కన్నా ఎక్కువగా అల్యూమినియాన్ని తినిపిస్తుంది. తుప్పుకి మందని పూసి తుప్పుని పిలిచినట్టవుతుంది. రెండు లోహాల మధ్య పూయడానికే చేసిన పేస్టులు ఉన్నాయి, డ్యూరాలాక్, టెఫ్‌జెల్ లాంటివి, పడవల సామాను అమ్మేచోట దొరుకుతాయి. ఇన్సర్ట్ బయటి మరలకి అవి పూసి దింపండి, మరల సందుల్లోకి నీళ్ళు చేరే దారి మూసుకుపోతుంది. అసలు ఆట అంతా నీళ్ళు చొరబడకుండా చూడటమే, లోహం ఎంత మంచిదైనా సందులో నిలిచిన ఉప్పునీరు దాని పని అది చేసుకుపోతుంది.

లోపలి మరలకి కూడా పూయాలి, అక్కడ కారణం వేరు. స్టెయిన్‌లెస్ ఇన్సర్ట్‌లో స్టెయిన్‌లెస్ బోల్టు పొడిగా బిగిస్తే రెండూ రాసుకుని అతుక్కుపోతాయి. స్పీడు గన్నుతో బిగిస్తే మరీను. అప్పుడు విప్పబోతే ఇన్సర్ట్ తిరగొచ్చు, లేదా బోల్టు తెగొచ్చు. నికెల్ కలిసిన యాంటీసీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) కొంచెం పూసి, చేత్తో నెమ్మదిగా తిప్పండి.

లాక్‌టైట్ వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందా?

అదురుడు ఉన్నచోట, పడవ ఇంజన్ లాంటిచోట, నీలం రంగు 243 మంచిదే. ఎరుపు వాడితే ఏదో ఒకరోజు గ్యాస్ మంటతో వేడిచేసి విప్పాలి, గుర్తుపెట్టుకోండి. ఈ జిగురు గాలి లేనిచోట లోహం తగిలితే గట్టిపడుతుంది, స్టెయిన్‌లెస్ మీద ఆ పని మెల్లగా జరుగుతుంది కాబట్టి తొందరపడి మెషీన్ ఆన్ చేయకండి. పేస్టు పూసినచోట జిగురు పట్టదు, రెండిట్లో ఏదో ఒకటి. ప్లాస్టిక్‌కి తగలనివ్వొద్దు, ఏబీఎస్, పాలికార్బొనేట్ లాంటివి దాంతో పగుళ్ళిస్తాయి.

కొత్తగా వేయించాను, బోల్టు బిగిస్తుంటే ఇన్సర్ట్ పైకి లేచొచ్చింది. మీ పని బాగాలేదు.

ఆ మాట అన్నవాళ్ళు ఉన్నారు. తెచ్చి చూస్తే నాలుగింట మూడు సార్లు తప్పు పైప్లేటులో ఉంటుంది. పైప్లేటు రంధ్రం ఇన్సర్ట్ బయటి వ్యాసం కన్నా పెద్దదైతే బోల్టు బిగించినప్పుడు ఇన్సర్ట్‌ని ఆపేది ఏదీ ఉండదు, కారు జాకీ లేపినట్టు పైకి లాగేస్తుంది. ప్లేటు రంధ్రం బోల్టుకి సరిపడా, ఇన్సర్ట్ కన్నా చిన్నదిగా ఉండాలి. పెద్దదిగానే ఉండిపోతే మందపాటి వాషరు వేసి ఉపయోగం లేదు, ఆ వాషరు ప్లేటు పైన కూర్చుంటుంది గానీ కింద అడ్డుపడదు కదా. మధ్యలో, అంటే ప్లేటుకి హౌసింగ్‌కి మధ్య వేస్తే పనిచేస్తుంది.

ఎంత బిగించాలి?

ఎం8 బోల్టు 8.8 రకం అయితే 25 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల, ఎ4-70 స్టెయిన్‌లెస్ అయితే 16, 17. పేస్టు పూసి ఉంటే అందులో ఐదో వంతో నాలుగో వంతో తగ్గించండి, జారుడుగా ఉన్నప్పుడు అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది. టార్క్ రెంచి లేకపోతే పొట్టి పానా వాడండి, పైపు తగిలించడం మానండి.

ఫైబర్ పడవకి వేయొచ్చా గురువుగారూ? అవుట్‌బోర్డ్ బ్రాకెట్ ఊగుతోంది.

నీటిమట్టం కింద ఎక్కడా ఇన్సర్ట్ వేయకండి, ఎవరు చెప్పినా సరే. మోటారు బరువు పట్టే బ్రాకెట్‌కి కూడా ఇన్సర్ట్ కాదు, ఆరపార బోల్టు వేసి వెనక పెద్ద ప్లేటు పెట్టాలి. ఫైబర్ పొరలు పొరలుగా ఉంటుంది, ఇన్సర్ట్‌ని లాగితే పొరలు విడిపోతాయి. మన గోపాల్‌పూర్ వాడల్లో తెలుగు జాలరులకి నేను ఈ మాట మొహమాటం లేకుండా చెప్పేస్తాను, సముద్రం మధ్యలో మోటారు ఊడితే మా షాపు అక్కడ ఉండదు.

లైటు స్టాండు, పెట్టె మూత, ఫిష్ ఫైండర్ బిగించుకోవడానికి అయితే వేయొచ్చు. రంధ్రం వేశాక కోసిన అంచులకి ఎపాక్సీ పూసి, తడి మీదే ఇన్సర్ట్ దింపండి. లేకపోతే తెగిన గాజు నారల వెంట నీళ్ళు లోపలికి పాకుతాయి, లోపల ప్లైవుడ్ ఉంటే అది కుళ్ళిపోతుంది. గాజు నార బిట్టుని త్వరగా అరగదీస్తుంది, కార్బైడ్ బిట్టు వాడండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

చెరువుల ఏరియేటర్లకి?

ప్లాస్టిక్ తేలుళ్ళలో ఎ4 ఇన్సర్ట్, బయటి మరలు ఎడంగా, లోతుగా ఉన్న రకం. ప్లాస్టిక్ ఎండకి లోహం కన్నా చాలా ఎక్కువ వ్యాకోచిస్తుంది, కాబట్టి మధ్యాహ్నం ఎండలో బిగించింది తెల్లవారికి వదులైనట్టు కనిపించొచ్చు, ఇంకాస్త ఇంకాస్త అని బిగించుకుంటూ పోకండి. చెరువు తయారీలో బ్లీచింగ్ పౌడరు చల్లే రోజుల్లో ఏరియేటర్లని పక్కకి తీయండి, క్లోరిన్ ఘాటు 316ని కూడా వదలదు. కాగితం మిల్లుల్లో గుజ్జు తెల్లబరిచే చోట టైటానియం వాడేది అందుకే, అలాంటిచోట పని వస్తే నేను చేయనని చెప్పేస్తాను.

యానోడైజింగ్ ముందా, ఇన్సర్ట్ ముందా?

యానోడైజింగ్, అంటే అల్యూమినియం మీద కరెంటుతో రక్షణ పొర పెంచడం, ముందు. ఇన్సర్ట్ వేసి ఆ యాసిడ్ తొట్టిలో ముంచితే ఇన్సర్ట్ పోతుంది, పనీ పోతుంది. యానోడైజ్ అయిన రంధ్రంలో ఇన్సర్ట్ దిగేటప్పుడు ఆ పొర తెగుతుంది కాబట్టి పేస్టు తప్పనిసరి. పౌడర్ కోటింగ్ అయితే రంధ్రం నోరు మూసి కొట్టించండి.

పాత ఇన్సర్ట్ పాడైంది, తీసి మళ్ళీ అదే సైజు వేయొచ్చా?

తీయొచ్చు. స్టడ్ ఎక్స్‌ట్రాక్టర్ లోపల దిగ్గొట్టి ఎడమకి తిప్పితే మామూలుగా వచ్చేస్తుంది. తెల్లపిండితో బిగుసుకుపోతే ముందురోజు రాత్రి తుప్పు వదిలే నూనె పోసి ఉంచి, హౌసింగ్‌ని కొంచెం వేడిచేయండి. అల్యూమినియం స్టీలు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. అదీ కాకపోతే డ్రిల్ చేసి గోడ పలచనయ్యాక లోపలికి మడిచి లాగడమే. అదే సైజు మళ్ళీ వేయాలంటే పాత మరలు శుభ్రంగా మిగిలి ఉండాలి. ఉప్పు తిన్న రంధ్రంలో అలా మిగలడం అరుదు, పెద్ద సైజుకి వెళ్ళాలి, దానికి గోడ ఉందో లేదో చూసుకోవాలి. గోడ లేకపోతే అల్యూమినియం వెల్డింగ్ చేయించి మళ్ళీ రంధ్రం వేయాలి, ఆ వెల్డింగ్ తెలిసిన చెయ్యి కావాలి.

ఇవి ఎక్కడ దొరుకుతాయి? బరంపురం హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే గోడకి కొట్టే రాల్‌ప్లగ్ ఇచ్చారు.

నాకూ ఇచ్చారు! ఇక్కడ నిల్వ పెట్టేవాళ్ళు తక్కువ. నేను సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించుకుంటాను, ఆన్‌లైన్‌లో కూడా వస్తున్నాయి. ఆర్డరు పెట్టేటప్పుడు లోపలి మర, బయటి మర, పొడవు, లోహం, చీలికా రంధ్రాలా, ఈ ఐదూ రాసి పంపండి. ఎం6లో బయటి మర 9 ఉన్నదీ 10 ఉన్నదీ రెండూ దొరుకుతాయి, వట్టి ‘ఎం6 ఇన్సర్ట్’ అంటే మీ బిట్టుకి సరిపడనిదే వస్తుంది, నా డ్రాయర్లో అలాంటివి యాభై దాకా పడున్నాయి, ఎవరికైనా 9 రకం కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి.